ఆకుల మేడమూ గడ్డల సారూ

ఆకుల మేడమ్ అంటే ఆ పరిశోధనాలయంలో తెలియనివాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనపడదు. గేటు దగ్గర కాపలామనిషి మొదలుకుని పై అంతస్తులో కూర్చునే పెద్దాయన దాకా అందరికీ ఆవిడ ఆకుల మేడమే. అక్కడి ప్రహరీగోడ నిండా ఓ పిచ్చితీగ అల్లుకుని ఉంటుంది. దాని పువ్వుకి అందం లేదు, కాయకి రుచి లేదు, మేక కూడా వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. తోటమాలి తిట్టుకుంటూ దాన్ని పీకి పారేస్తుంటే ఆవిడ వెనకాలే సంచి పట్టుకుని ఏరుకుంటూ వస్తుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, అంత చదువు చదివిన మనిషి, అలా వంగి చెత్త ఏరుకుంటుంటే కొత్తగా చేరినవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఆవిడకి అలాంటివి చెవికెక్కవు.

ఆ ఆకులో ఏముందో ముందు చెప్పుకోవాలి, లేకపోతే కథ నడవదు. కాన్సర్ గడ్డల్ని కరిగించడానికి కీమో మందులు ఎక్కిస్తారు కదా, అవి గడ్డతోపాటు నరాల్ని కూడా దెబ్బతీస్తాయి. గడ్డ పోతుంది, ప్రాణం నిలుస్తుంది, కానీ చేతివేళ్ళూ కాలివేళ్ళూ మొద్దుబారిపోతాయి. కొందరికి కొన్నాళ్ళకి స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి ఇక రానేరాదు. ఈ పిచ్చితీగలో నరాన్ని కాపాడే గుణం ఒకటి ఉందని ఆవిడ పట్టుకుంది. ఆ గుణమున్న పదార్థాన్ని రసంలోంచి విడదీసి కీమోకి ముందే ఇస్తే నరం బతికిపోతుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం మీద వయసులో ఉన్న రోజులన్నీ ధారపోసింది.

ఊరికే ధారపోయలేదు. ఆవిడకో అక్క ఉంది. గడియారాలు బాగుచేసే అక్క. తండ్రి కూర్చున్న కొట్టులోనే, తండ్రి కూర్చున్న బల్ల ముందే, కంటికి భూతద్దం బిగించుకుని, చీమ తలకాయంత మరని వేలికొసన ఎత్తి తీసేది. ఆ చేతివాటం ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. కీమో ఎక్కించారు, గడ్డ పోయింది, దాంతోపాటు వేళ్ళలో స్పర్శా పోయింది. మర పట్టుకుందో జారిపోయిందో తెలియని వేళ్ళతో చేతిగడియారం ఏం విప్పుతుంది? ఇప్పుడు గోడగడియారాలకి బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటోంది. దానిమీద కూడా జోకులే. "చూశావటే, సలసల కాగే టీ గ్లాసు పట్టుకున్నా నాకు కాలదు. ఇలాంటి వరం ఎవరికుందో చెప్పు" అంటుంది. ఆ మాటకి కొట్టుకొచ్చినవాళ్ళు నవ్వుతారు. చెల్లెలు మాత్రం ఆ గ్లాసు చేతిలోంచి లాక్కుంటుంది.

అదీ ఆకుల మేడమ్ సంగతి. ఇక ఎదురు గది సంగతి.

నడవాకి ఆ పక్క గదిలో గడ్డల సారు ఉంటాడు. సన్నగా, పొడుగ్గా, లోకమంతా కలిసి తనని మోసం చేసినట్టు మొహం పెట్టుకుని తిరిగే మనిషి. కాన్సర్ కణాలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి, వాటినెలా చంపాలి, ఇదే ఆయనకి తిండీ నిద్రా. పనిలో మొనగాడే, కాదనడానికి లేదు. కానీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. తగువు సెంట్రిఫ్యూజ్ దగ్గర మొదలైంది. గొట్టాల్ని గిర్రున తిప్పి కణాల్ని అడుక్కి దించే ఆ యంత్రం రెండు గదులకీ కలిపి ఒక్కటే. ఆయన తన గొట్టాలు అందులో మర్చిపోయి టీకి పోతే, ఈవిడ తీసి కిటికీలో నిలబెట్టేది. ఆయన తలుపు మీద చీటీ అంటించేవాడు, ఈవిడ దానికిందే జవాబు రాసేది. ఒకసారి ఆయన అందరిముందూ, "ఆ ఆకులు కషాయం కాచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు" అనేశాడు. ఆ తరవాత వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

మాటల్లేవు గానీ ఇద్దరూ పెంచేది ఒకే కణాల్ని. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. ఎప్పుడో, ఎక్కడో, ఓ పసిపిల్ల ఒంట్లో నరాల దగ్గర పుట్టిన కాన్సర్ గడ్డలోంచి తీసిన కణాలవి. నరాల జాతివి కాబట్టి నరం లక్షణాలు కొన్ని ఉన్నాయి. కాన్సర్ జాతివి కాబట్టి గులాబీరంగు ద్రవం పోస్తే చాలు, చావు లేకుండా పెరుగుతూనే ఉంటాయి. అసలు నరం అలా కాదు. అది విడిపోయి పెరగదు, సీసాలో బతికించడం మహా కష్టం. అందుకని నరాల మీద పనిచేసేవాళ్ళు చాలామంది ఈ కణాల్నే నరాలకి బదులుగా వాడుకుంటారు. అలా కణాల్ని దాచిపెట్టే, పొగలు కక్కే చల్లటి డబ్బాలోంచి తీసిన ఒకే సీసా, ఆకుల మేడమ్ గదికి వెళితే నరం, గడ్డల సారు గదికి వెళితే కాన్సర్.

ఇది ఆవిడకి తెలియదా అంటే భేషుగ్గా తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ తెలిసుండటం వేరు, తలకెక్కడం వేరు. అందరూ వాడుతున్నారు, తనూ వాడింది. ఆ కణాల మీద కీమో మందు పోస్తే అవి చచ్చేవి. ముందుగా ఆకులోంచి తీసిన గోధుమరంగు పొడి వేసి, తరవాత మందు పోస్తే నిక్షేపంగా బతికేవి. ఎలుకలకి కూడా పొడి ఇచ్చి మందు ఎక్కిస్తే వాటి పాదాల్లో స్పర్శ చెక్కుచెదరలేదు. ఆ ఎలుకలకి ఒంట్లో గడ్డల్లేవన్న సంగతి ఆవిడకి గుర్తురాలేదు, ఇంకెవరికీ గుర్తురాలేదు. ఇక మిగిలింది మనుషులకి ఇచ్చి చూడటమే. దానికి పెద్దాసుపత్రి కమిటీ అనుమతి కావాలి. కమిటీ వచ్చే వారమే. సంస్థకి మంచిపేరొస్తుందని పెద్దాయన అప్పుడే కోటు ఇస్త్రీకి ఇచ్చేశాడు.

సరిగ్గా అప్పుడు గడ్డల సారు ఇంక్యుబేటర్ పాడైంది.

కణాల్ని ఒంటి వెచ్చదనంలో ఉంచే అల్మరా అది. వేడి అదుపు తప్పి లోపలున్నవన్నీ ఉడికిపోయాయి. ఆయన చాలాసేపు నడవాలో కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి ఆకుల మేడమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, ఓ మాట."

"సెంట్రిఫ్యూజ్‌లో నా గొట్టాలేం లేవు సార్. ఇప్పుడే చూసొచ్చాను."

"దాని గురించి కాదు. నా ఇంక్యుబేటర్ చచ్చింది. బాగైతే చేశారు గానీ కణాలన్నీ పోయాయి. మీ దగ్గర ఓ ఫ్లాస్కు కణాలు ఉంటే..."

అడగడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో ఆవిడకి కనపడుతూనే ఉంది. కాసేపు ఆ కష్టాన్ని కళ్ళారా చూసి ఆనందించింది కూడా, దాచడమెందుకు. తరవాత మనసు కరిగి, "కింది అరలో ఉన్నాయి, మంచిది చూసి తీసుకోండి సార్" అంది.

కింది అరలో ఎప్పుడూ ఏమీ కలపని మామూలు కణాలే ఉంటాయి. ఆకుపొడి కలిపినవి పై అరలో, మూత మీద ఆకుపచ్చ టేపుతో. కానీ అంతకుముందురోజే ఆవిడ ఇంక్యుబేటర్ కడిగి, అరలు తుడిచి, ఫ్లాస్కులు తిరిగి సర్దేటప్పుడు కిందివి పైకీ, పైవి కిందకీ పెట్టేసింది. ఆ సంగతి మర్చిపోయింది. ఆకుపచ్చ టేపంటే ఏమిటో గడ్డల సారుకి తెలియదు. ఉన్నవాటిలో నవనవలాడుతున్నది చూసుకుని పట్టుకుపోయాడు.

రెండు రోజులకి తిరిగొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

"ఏం కణాలిచ్చారు మేడమ్ నాకు?"

"ఏమైంది సార్?"

"చావట్లేదు. మందు పోశాను, చావలేదు. రెట్టింపు పోశాను, చావలేదు. రాళ్ళలా కూర్చున్నాయి. పైగా పెరుగుతున్నాయి." ఫ్లాస్కు తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టాడు.

మూత మీద ఆకుపచ్చ టేపు చూసింది ఆవిడ. అరలు మారిన సంగతి చప్పున గుర్తొచ్చింది. గుర్తురాగానే ఆవిడకి కలిగింది సంతోషం, పట్టరాని సంతోషం. పకపకా నవ్వింది. "సార్, ఆ ఫ్లాస్కులో నా ఆకు ఉంది. మీ మందుని నా ఆకు ఓడించింది. కషాయానికి తప్ప పనికిరాదన్నారు కదూ?"

గడ్డల సారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. టేపు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. మామూలుగా ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, నేను చంపాలని చూసింది కాన్సర్ని."

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. ఇన్నేళ్ళూ నరం, నరం అని తను బతికిస్తూ వచ్చిందేమిటి? గడ్డ మీద మందు పోయడం, ఆకుపొడితో గడ్డని కాపాడటం, కాపాడగలిగినందుకు మురిసిపోవడం. స్టూలు మీద కూలబడింది. ఆయన ఓ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

తెల్లవారి ఆయనకి తెలిసినవాళ్ళ దగ్గర్నించి వేరే గడ్డ కణాలు తెప్పించుకుని వాటిమీద చేసి చూసింది. రొమ్ము గడ్డవి, ఊపిరితిత్తి గడ్డవి. అన్నిట్లోనూ అదే వరస. గోధుమరంగు పొడి అందర్నీ ఒకే చూపు చూస్తోంది, నరమూ గడ్డా అన్న తేడా లేకుండా చేతులడ్డం పెట్టి కాస్తోంది.

పెద్దాయనకి చెబితే నీళ్ళు నమిలాడు. "ఇవన్నీ సీసాల్లో కదమ్మా. మనిషి ఒంట్లో ఇలాగే జరగాలని ఎక్కడుంది? కమిటీవాళ్ళు అడిగితే చెబుదాం, అడక్కపోతే మనం కెలుక్కోవడం దేనికి? ఆలోచించుకో" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇస్త్రీ కోటు మీద మమకారం, అంతే.

ఆవిడ తిన్నగా అక్క కొట్టుకి వెళ్ళింది. అక్క ఓ గోడగడియారం అద్దం తుడుస్తోంది. చెల్లెలు పక్కన కూర్చుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అక్క తుడుస్తూనే వింది.

"అంటే నీ ఆకు నరాన్ని కాపాడుతుంది, గడ్డనీ కాపాడుతుంది. అంతేనా?"

"అంతే అక్కా."

"మరి అప్పట్లో నాకు ఇది ఇచ్చి ఉంటే?"

చెల్లెలు బల్లమీదున్న పాత బ్యాటరీలు ఏరి వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"చెప్పవే. వేళ్ళుండేవి, నేనుండేదాన్ని కాదు. అంతేగా?"

"అక్కా, అలా అనకు."

"అనక ఏం చెయ్యను? చదువుకున్నదానివి, నువ్వు అనలేకపోతున్నావని నేనంటున్నా." అక్క గుడ్డ పక్కన పెట్టి చెల్లెలి మొహం తనవైపు తిప్పుకుంది. "ఇదుగో, నీ మందు పోయిందని ఏడవకు. ఎవరి ఒంట్లోకీ వెళ్ళకముందే తెలిసింది చూడు, అందుకు సంతోషించు. వెళ్ళి ఆ పెద్దమనుషులకి ఉన్నదున్నట్టు చెప్పెయ్. కోప్పడితే నా దగ్గరికి పంపించు, గడియారం తిరగేసి కొడతాను."

కమిటీ గదిలో పొడవాటి బల్ల చుట్టూ డాక్టర్లు కూర్చున్నారు. ఆకుల మేడమ్ లేచి, ఇన్నేళ్ళ పని తన నోటితోనే వెనక్కి తీసుకుంది. "ఈ పొడి నరాల్ని కాపాడేమాట నిజమే. గడ్డల్ని కూడా కాపాడుతోంది. నేను పరీక్షించిన కణాలే గడ్డ కణాలు. ఆ పని చెయ్యాల్సింది కాదు, చేశాను. దయచేసి దీన్ని ఎవరికీ ఇవ్వద్దు" అంది. పెద్దాయన కోటు గుండీ పట్టుకుని నలుపుతూ కూర్చున్నాడు. ఓ డాక్టరు, "సరిదిద్దడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగితే, "అసలు సరవుతుందో లేదో తెలియదండీ" అంది.

మెట్ల దాకా వచ్చేసరికి ఇక ఆగలేకపోయింది. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైపోయిందని ఏడ్చింది. అక్కకి ఏదో చేద్దామనుకుని ఏం చేయబోయానో చూడు అని ఏడ్చింది. ఎంతసేపైందో గానీ, ఎదురుగా రెండు టీ గ్లాసులు కనపడ్డాయి. వాటి వెనక గడ్డల సారు.

"తీసుకోండి మేడమ్. కషాయం కాదులెండి, టీయే."

ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చింది. గ్లాసు అందుకుంది. ఆయన రెండు మెట్లు కింద కూర్చున్నాడు. "కమిటీ ముందు మీరు మాట్లాడింది తలుపు బయట నిలబడి విన్నాను. నేనైతే అనగలిగేవాణ్ణి కాదు" అన్నాడు. అన్న తరవాత సిగ్గుపడి గోడవైపు చూశాడు.

టీ సగం తాగాక ఆవిడ బుర్ర మళ్ళీ తిరగడం మొదలైంది. "సార్, నాకో సాయం కావాలి. మీరు నా ఆకు మీద పగబట్టాలి."

"ఇన్నాళ్ళూ నేను చేసింది ఏమనుకున్నారు?"

"అది కాదండీ. శ్రద్ధగా పగబట్టాలి. నేను ఆ ఆకులో ఏ పదార్థం తీసినా ముందు మీ చేతికిస్తాను. అది గడ్డకి ఆవగింజంత సాయం చేసినా పట్టుకోండి. పట్టుకున్నవి నేను పారేస్తాను. మీకు చిక్కనిది ఏదైనా మిగిలితే అదే మందు."

ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "మిగలకపోతే?"

"మిగలకపోతే మీరన్నట్టు కషాయం కాచుకుంటాను."

అలా మొదలైంది. ఈసారి ఆవిడ అడ్డదారి తొక్కలేదు. అసలైన నరకణాల్నే పెంచుతానని కూర్చుంది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల వెన్ను పక్కనుంచి తీసిన కణాలు, ఒక్కోదానికీ సన్నటి పొడవాటి తోక. అవి కొత్తల్లుడి కన్నా ఎక్కువ మర్యాదలు కోరతాయి. వేడి కాస్త పెరిగితే అలక, ద్రవం కాస్త పాతబడితే అలక. ఒకసారి బూజు పట్టి మొత్తం పోయాయి, ఇంకోసారి గాజుపలకకి అంటుకోక పోయాయి, మరోసారి ఎందుకు పోయాయో కూడా తెలియకుండా పోయాయి. తల ప్రాణం తోకకొచ్చింది. సెలవురోజు కూడా వాటికి ద్రవం మార్చడానికి బయల్దేరుతుంటే, బళ్ళో లెక్కల మేష్టారైన భర్త గుమ్మం దగ్గర నిలబడి, "ఏమోయ్, పెళ్ళైన కొత్తలో అయినా నన్నిలా చూసుకున్నావా?" అన్నాడు. "మీరు బూజు పట్టలేదు కదండీ" అని చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయింది.

చివరికి అవి బతికాయి. గాజుపలక మీద తోకలు చాచుకుని, దారప్పోగుల్లా ఒకదాన్నొకటి అల్లుకుని, చూడముచ్చటగా బతికాయి.

ఇక ఆకు రసం. తెల్లటి పొడి దట్టించిన నిలువు గాజుగొట్టంలో రసం పోస్తే, అందులోని పదార్థాలు వేరువేరు రంగుల చారలుగా విడిపోయి ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. ముందు ఆకుపచ్చ, తరవాత నారింజ, ఆ తరవాత గోధుమరంగు, అన్నిటికన్నా ఆఖరున నీళ్ళల్లో చిటికెడు పసుపు కలిపినట్టుండే లేత చార. పాత పరీక్షల్లో గోధుమరంగుదే పైచేయి. లేత పసుపుది అసలేం పనిచెయ్యలేదని మూలన పెట్టేసింది. ఇప్పుడు అన్నిటినీ మళ్ళీ మొదటినుంచీ, అసలు నరాల మీద పెట్టి చూసింది. ఆకుపచ్చ లాభంలేదు. నారింజ లాభంలేదు. గోధుమరంగు ఫరవాలేదు గానీ అది ఎలాగూ గడ్డల సారుకి పట్టుబడిన దొంగ. ఇక మిగిలింది ఆ నీళ్ళలాంటిది. ఆశ లేకుండానే వేసింది. కీమో మందు పోసింది. మందు తగిలిన నరాల తోకలు ముక్కలుముక్కలుగా తెగి, పూసలు రాలినట్టు రాలిపోతాయి. ఆ రాలిపోవడం చూద్దామని మైక్రోస్కోపు దగ్గర కళ్ళు పెట్టింది.

ఒక్క తోక తెగలేదు.

మందు పోయడం మర్చిపోయానేమో అనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ తెగలేదు. నడవా దాటి వెళ్ళి ఎదురు గది తలుపు కొట్టింది. "సార్, ఒకసారి రండి. నా కళ్ళని నేను నమ్మను."

గడ్డల సారు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "వీటికి మందు పోశారా?"

"పోశాను."

"ఇంకాస్త పోద్దామా?"

ఇంకాస్త పోశారు. తోకలు తొణకలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది గానీ, తెలిశాక చూస్తే సంగతి చిన్నదే. కీమో తగిలితే నరం లోపల ఒక పదార్థం మేలుకుని, ఆ నరం తోకని లోపల్నించే కోసేస్తుంది. లేత పసుపు చార ఆ కోసే చేతిని పట్టుకుని ఆపుతుంది. గడ్డ కణాలకి అంత పొడవాటి తోకలు లేవు, కోసే గొడవా లేదు. అందుకే పాత పరీక్షల్లో అది ఏ పనీ చెయ్యనట్టు కనపడింది. పరీక్ష పెట్టింది గడ్డల మీద కాబట్టి, ఇన్నేళ్ళూ గడ్డని కాపాడేదాన్ని నెత్తిన పెట్టుకుని, నరాన్ని కాపాడేదాన్ని మూలకి నెట్టేసింది. ఇది అర్థమైన రోజు ఆవిడ తల కొట్టుకుంది. కొట్టుకుని, ఆ తరవాత కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వుకుంది.

కానీ అసలు గండం ముందుంది. గడ్డ ఉన్న ఒంట్లో ఇది ఏం చేస్తుంది? ఈసారి గడ్డలున్న ఎలుకలే. సగం వాటికి కీమో ఒక్కటే, సగం వాటికి కీమోతోపాటు లేత పసుపు మందు. ఏ ఎలుకకి ఏమిచ్చారో గడ్డల సారుకి తప్ప ఎవరికీ తెలియకూడదని ఒప్పందం. ఆవిడ సన్నటి నైలాన్ పోగుతో ఎలుకల పాదాలు తాకి, వెనక్కి లాక్కుంటున్నాయో లేదో చూసేది. గడ్డల కొలతలు వేరేవాళ్ళు తీసేవాళ్ళు. ఆవిడ ఎన్నోసార్లు ఆయన మొహంలోకి చూసింది, ఏమన్నా తెలుస్తుందేమోనని. ఆ మొహం ఎప్పట్లాగే లోకం తనని మోసం చేసినట్టే ఉంది. ఏం తెలుసుకుంటాం?

ఫలితాలు చెప్పే రోజు సమావేశం గది నిండిపోయింది. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. గడ్డల సారు తెరమీద పాదాల స్పర్శ లెక్క చూపించాడు. ఒక్కో ఎలుకకీ ఒక్కో నల్లచుక్క. చుక్కలు కొన్ని పైన గుంపుగా, కొన్ని కింద గుంపుగా ఉన్నాయి. స్పర్శ నిలిచినవి పైన, పోయినవి కింద. ఆయన మీట నొక్కాడు. లేత పసుపు మందు తీసుకున్న ఎలుకల చుక్కలు పసుపురంగులోకి మారాయి. పై గుంపంతా పసుపు. కింద ఒక్కటి కూడా లేదు. గది గుసగుసలాడింది. ఆకుల మేడమ్ కదల్లేదు. ఆవిడకి కావాల్సింది రెండో బొమ్మ.

రెండో బొమ్మలో గడ్డల కొలతలు. ఇక్కడ చుక్కలన్నీ కింద ఒకే గుంపుగా ఉన్నాయి. పసుపు మందు గడ్డని కాపాడుతుంటే, ఆ గుంపులో పెద్ద గడ్డలున్న పైఅంచు మాత్రమే పసుపుగా మారాలి. ఆవిడ కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది. ఆయన మీట నొక్కాడు. పసుపు చుక్కలూ నల్లచుక్కలూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. కీమో రెండు గుంపుల్లోనూ గడ్డల్ని ఒకేలా కరిగించింది. మధ్యలో ఆకు వేలు పెట్టలేదు.

గడ్డల సారు గొంతు సవరించుకున్నాడు. "ఈ మందు గడ్డలకి సాయం చేస్తోందని రుజువు చెయ్యడానికి నేను శాయశక్తులా ప్రయత్నించాను. సీసాల్లో చూశాను, ఎలుకల్లో చూశాను, రకరకాల గడ్డల మీద చూశాను. నావల్ల కాలేదు." ఆగి, ఆవిడ వంక చూశాడు. "ఓడిపోయి ఇంత సంతోషపడటం నాకిదే మొదటిసారి మేడమ్." జన్మలో మొదటిసారి ఆయన మొహం విప్పారింది. చప్పట్లు మోగాయి. "నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నా" అని పెద్దాయన పక్కవాళ్ళతో అనడం అందరికీ వినపడింది, ఎవరూ కాదనలేదు. ఆకుల మేడమ్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

అదే ఆసుపత్రి, అదే పొడవాటి బల్ల. ఈసారి కమిటీ అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆవిడ దగ్గర జవాబుంది. జవాబు లేనిచోట గడ్డల సారు ఉన్నాడు. కొద్దిమంది రోగులతో మొదలుపెట్టమని అనుమతిచ్చారు.

ఆ కొద్దిమందిలో ఒకావిడ బస్సు కండక్టరు. రొమ్ము గడ్డతోనే వచ్చింది. నోరు గట్టిది. వార్డులో నర్సులు ఆవిడకి చూసీచూడనట్టు దారిచ్చేవాళ్ళు. ప్రతి డ్రిప్పుకి ముందూ లేత పసుపు మందు తీసుకుంది. డ్రిప్పులు చివరికొచ్చాయి, మామూలుగా అయితే ఈపాటికి పాదాలు కర్రల్లా అయిపోవాలి. ఆ రోజు డాక్టరు స్కాను చూపిస్తూ, "గడ్డ సగానికి పైగా కరిగింది. అనుకున్నదానికన్నా బాగుంది" అన్నాడు. మంచం పక్కన నిలబడ్డ ఆకుల మేడమ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

కండక్టరమ్మ దుప్పటి తోసేసి, కాళ్ళు కిందపెట్టి, వెంటనే పైకి లాక్కుంది.

"అబ్బ, ఈ నేలేంటండీ ఇంత చల్లగా ఏడిచింది? కాళ్ళు జివ్వుమంటున్నాయి. రోగిష్టివాళ్ళు నడిచే చోటు కాస్త చూసుకోవద్దూ? నా చెప్పులు ఎవరు జరిపారు?"

నర్సు విసుక్కుంటూ ఏదో అనబోయింది. ఆకుల మేడమ్ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి చెయ్యి చాపింది. చెప్పులు తీసి ఆవిడ పాదాల ముందు పెట్టింది. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదని ఆవిడకి తెలుసు, ఇంకా ఎంతోమందికి ఇచ్చి చూడాలనీ తెలుసు. అయినా సరే, ఆ సణుగుడు ఆవిడ చెవుల్లో అమృతం పోసింది. "నేల చల్లగా ఉందాండీ?" అని అడిగింది, మళ్ళీ వినాలని.

"మరి? మీరే చెయ్యి పెట్టి చూడండి" అని కసిరింది కండక్టరమ్మ.

అక్కణ్ణించి ఆవిడ ఆగకుండా అక్క కొట్టుకి వెళ్ళింది. బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుని, స్కాను సంగతి చెప్పింది, నేల సంగతి చెప్పింది.

"ఏమందీ? మళ్ళీ చెప్పు" అంది అక్క.

"నేల చల్లగా ఏడిచిందంది."

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. ఆ కండక్టరమ్మ గొంతు పెట్టి తనూ రెండుసార్లు అని చూసుకుని, మళ్ళీ నవ్వింది. చెల్లెలు కూడా నవ్వబోయింది. కానీ బల్లమీద పెట్టుకున్న అక్క చేతులు కంటబడ్డాయి. ఆ వేళ్ళకి ఈ మందు ఇక ఏమీ చెయ్యలేదు. తెగకముందు ఆపుతుందే గానీ, తెగినదాన్ని అతకదు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

అక్క నవ్వు ఆపి చూసింది. "ఏమే, నాకు దక్కలేదని ఏడుస్తున్నావా, ఆవిడకి దక్కిందని ఏడుస్తున్నావా?"

"రెండూ అక్కా."

"అయితే రెండోదానికే ఏడువు. మొదటిదానికి నేనెప్పుడో ఏడ్చేశాను."

చెల్లెలు అక్క ఒళ్ళో తలపెట్టుకుని, ఆ రెండోదానికి తనివితీరా ఏడ్చింది.